కాలి బ్రేకు తీసేశాను

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఉత్తరం అలాగే మొదలుపెట్టాలి కాబట్టి రాశాను గానీ, అమ్మ మోకాళ్ళు క్షేమంగా లేవు, నా మోచేయి అంతకన్నా లేదు. మోచేతి సంగతి తర్వాత చెప్తాను. నువ్వు అక్కడ ఆసుపత్రిలో పెట్టింది తిని, చెప్పిన కసరత్తు చేస్తున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. కాగితానికి అటూ ఇటూ అంతా బండి గురించే. గొలుసుకి నూనె పెట్టావా, టైర్లలో గాలి ఉందా, షెడ్డు కప్పు కారి సీటు తడుస్తోందా అని అడిగావు. అమ్మ ఎలా ఉందని మాత్రం చిట్టచివర, సంతకం కింద కాస్త చోటు మిగిలింది కాబట్టి అడిగావు. ఆ ముక్క నేను అమ్మకి మొట్టమొదట చదివి వినిపించాను. పిచ్చిది, మురిసిపోయింది.

సరే, బండి సంగతే చెప్తాను. కుడికాలితో నొక్కే వెనక బ్రేకుని ఎడమచేతికి మార్చాను. హ్యాండిల్ మీద క్లచ్ లివరుకి కాస్త పైన ఇంకో చిన్న లివరు. చూపుడువేలు బ్రేకుకి, తక్కిన వేళ్ళు క్లచ్‌కి. "బోల్టక్క ఉండగా నాకేం భయం" అని రాశావు కదా, ఆ బోల్టక్క మొదటిసారే బోల్తా కొట్టింది. పాత సామాన్ల కొట్లో పెద్ద రోడ్డు బండిది ముందు బ్రేకు లివరు దొరికితే, పెద్దదైతే పట్టు ఎక్కువ ఉంటుందని తెచ్చి బిగించాను. లాగితే రాయి. నా వేళ్ళు విరగాలే గానీ చక్రం ఆగదు. లోపలి పిస్టన్ లావుదైతే పట్టు తగ్గుతుందన్న సంగతి నాన్న మన చిన్నప్పుడే చెప్పాడు, అప్పుడు మనం ఆయన మాట ఎక్కడ విన్నాం! చిన్న బండిది సన్న పిస్టన్ లివరు తెచ్చి వేశాక దారికి వచ్చింది. పైపులో గాలి బుడగలు చేరి విసిగించాయి. చక్రం దగ్గర నుంచి సిరంజితో బ్రేకు నూనె పైకి ఎక్కించి వాటిని తరిమాను. ఇప్పుడు మెల్లగా లాగితే మెల్లగా ఆగుతుంది, గట్టిగా లాగితే ఠక్కున పట్టేస్తుంది.

లివరు నీ వేలికి ఎంత దూరంలో ఉండాలో తెలియక, నీ గ్లవ్‌లో గుడ్డపీలికలు కూరి హ్యాండిల్‌కి తగిలించి చూశాను. అమ్మ షెడ్డులోకి వచ్చి అది చూసి, "వాడి చెయ్యే అనుకున్నానే" అని వెనక్కి వెళ్ళిపోయింది.

మధ్యలో నీ ప్రాణస్నేహితుడు గడ్డంగాడు వచ్చాడు. నువ్వు పడ్డ ఆ రాళ్ళ వాలు మీద నిన్ను ముందు దించి, పైనుంచి ఈల వేసిన మహానుభావుడు. గడప దాటకుండానే, "పాపం, వాడెలాగూ నడపడు కదక్కా, ఆ ముందు చక్రం ఫోర్కులు నాకిచ్చెయ్యకూడదా?" అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. చేతిలో స్పానర్ ఉంది. విసరలేదు. విసరనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ రాసిన మాట. "కాలి బ్రేకు మాత్రం తియ్యకక్కా. రెండూ ఉండనీ. కాలు వచ్చాక చేతిదే పీకేద్దాం." రెండూ పెట్టొచ్చు, పెద్ద విద్యేం కాదు. నువ్వడిగినట్టే ముందు రెండూ పెట్టాను. పెట్టి, నీ బరువు బూట్లు తొడుక్కుని, కుడిపాదం నాది కాదనుకుని మొద్దుగా వదిలేసి, క్వారీ వెనక వాలు దిగాను. బండి ఒక్క రాయి ఎక్కి దిగింది. బూటు జారి పెడల్ మీద పడింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. నా మోచేయి సంగతి ఇదే. పెడల్ మీద కాలు పడ్డట్టు నాకు తెలిసింది కాబట్టి లాక్కున్నాను, మోచేతితో పోయింది. నీకు తెలియదు కదరా.

అమ్మ దెబ్బకి దూది అద్దుతుంటే చెప్పాను. "ఆ పెడల్ తీసేస్తానమ్మా."

"తీస్తే వాడికి అర్థమైపోదూ?"

"తియ్యకపోతే చచ్చిపోతాడమ్మా."

ఆ దూది పడేసి ఇంకో ముక్క తీసింది. "అయితే నువ్వే రాసుకో. మధ్యలో నన్ను లాగకు" అంది.

రాస్తున్నాను. నీ కాలు రాదురా. ఆపరేషన్ అయిన రోజే డాక్టరు మా ఇద్దర్నీ వరండాలోకి పిలిచి చెప్పాడు. మోకాలి దగ్గర నరం తెగిపోయింది, పట్టీ కట్టుకుని నడుస్తాడు, కానీ పాదం లేవదు, స్పర్శ రాదు అన్నాడు. కాస్త కోలుకున్నాక చెప్దామన్నాడు. ఆ కాస్త ఇంత దూరం సాగింది. అక్కడ నీకు కసరత్తు చేయించేవాళ్ళు చెప్తారులే అని మేమనుకున్నాం. ఇంటివాళ్ళు చెప్పే ఉంటారని వాళ్ళనుకున్నారు. అమ్మ "వచ్చేస్తుంది నాన్నా" అన్నప్పుడల్లా పక్కన నేను తలూపాను. నువ్వు ఆ తలూపడం చూసే నమ్మావని నాకు తెలుసు.

నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ వాలు వద్దంటే వినని నీ మీద, మెత్తగా మాట్లాడి తప్పుకున్న ఆ డాక్టరు మీద, అమ్మ మీద. తీపి మాటలన్నీ తలా ఒకటి పంచుకున్నారు, చేదు మింగించే పని నాకు వదిలేశారు. నువ్వు నన్నే తిడతావు. తిట్టు, ఫరవాలేదు. కానీ ఇంటికి వచ్చి తిట్టు. బండికి కాలు మోపుకునే మెట్టు చుట్టూ అంచు కట్టాను, పాదం జారదు.

పెడల్ తీసి ఊరుకుంటే ఎవడో ఒకడిచేత మళ్ళీ బిగించుకుంటావని తెలుసు. అందుకే ఫ్రేమ్ మీద అది కూర్చునే ముక్కని కూడా కోసేసి, నున్నగా రాకి, రంగు వేశాను. నువ్వు వచ్చీ రాగానే నా మాట నమ్మకుండా వంగి ఆ చోటు తడుముతావు. తడుముకో. అక్కడేమీ లేదురా.

ఇట్లు,
ఇక తలూపలేని నీ
బోల్టక్క