గాలి రాయైంది, రొట్టె పచ్చిగానే ఉంది

హోల్టర్, మే 2

గాలిని రాయి చేసే ఆఫీసు ఆర్నోర్ గారికి, హెర్డిస్ రాస్తున్నది.

మీరు మా గుట్ట అవతల బోరులోకి సోడా నీళ్ళు దించడం మొదలుపెట్టిన రోజు నుంచీ నా రై ధాన్యపు రొట్టె ఉడకడం లేదు. పిండి డబ్బాలో పోసి, ఆవిరి చిమ్మే నేలలో గుంట తీసి పాతిపెడితే మర్నాటికి నల్లగా, తియ్యగా రావాలి. నలభై ఏళ్ళుగా వచ్చింది. ఇప్పుడు నడుమంతా పచ్చి. పదిహేడో తేదీ మనవరాలు బిర్తాకి చర్చిలో కన్ఫర్మేషన్ వేడుక, భోజనానికి అరవైమంది. "చేతికి వయసొచ్చింది వదినా, కొట్టు రొట్టె తెచ్చేయనా?" అంటోంది మా ఆడబడుచు స్టీన్వోర్. అంతకంటే ఆ గుంటలోకి నేనే దిగడం నయం. నా నేల వేడి నాకిచ్చేయండి.

ఇట్లు,
హెర్డిస్

తా.క. సాక్ష్యంగా ఒక రొట్టె పాల బండిలో పంపుతున్నాను. తినకండి.

రేక్యావిక్, మే 6

హెర్డిస్ అమ్మగారికి నమస్కారాలు.

మేం బొగ్గుపులుసు వాయువును నీళ్ళలో కలిపి లోతుకి పంపుతాం. ఆ పుల్లనీళ్ళు నల్లరాతిని కొంచెం కొరుకుతాయి. రాతిలోని సున్నం బయటికొచ్చి వాయువుతో కలిసి, రాతి బొక్కల్లో తెల్లరాయిగా గడ్డకడుతుంది. రెండేళ్ళలో అంతా రాయే. మీ వేడి జోలికి పోదు. అయినా మీ మనశ్శాంతి కోసం మీ గుంట దగ్గర వేడి, నీళ్ళ కొలతలు ఇకనుంచి రోజుకు రెండుసార్లు తీయమన్నాను.

విధేయుడు,
ఆర్నోర్

తా.క. మీ రొట్టె పొరపాటున రాళ్ళ పరీక్షకు వెళ్ళింది. "నల్లనిది, గుండ్రనిది, బొక్కలన్నీ పూడాయి. ఆమ్లం చుక్క వేస్తే బుస్సుమంది. అద్భుతం" అని రాశారు. మా పెద్దాయన దాన్ని అద్దాల బీరువాలో పెట్టించారు.

హోల్టర్, మే 10

ఆర్నోర్ అబ్బాయీ,

నీ మనశ్శాంతి మండిపోను! నిన్నటిదాకా నడుమే పచ్చి, ఇవాళ రొట్టంతా జావ. స్టీన్వోర్ చెంచాతో తిని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, ఆవిరి కళ్ళల్లో పడిందని చెప్పాను. ఇంకో వారంలో భోజనాలయ్యా.

హెర్డిస్

తా.క. బుస్సుమనక ఏం చేస్తుంది? నాలుగు చెంచాల వంటసోడా వేశాను.

రేక్యావిక్, మే 13

అమ్మా, క్షమించండి.

నేల వేడి డిగ్రీ కూడా తగ్గలేదు. మా కొలతల మనిషి గ్రిముర్ చిట్టా ఇవాళే చదివాను. "గుంటలో రొట్టె డబ్బా అడ్డం. తీసి, చల్లారకుండా నా కోటు కప్పాను. గుంటలో ఊరిన బురదనీళ్ళు తేరుకునేదాకా నాలుగు గంటలు ఆగి కొలిచాను. డబ్బా మళ్ళీ పెట్టాను." బోరు మొదలైన రోజు నుంచీ రోజుకోసారి ఇదే వరస, నా మాట మీద ఈ వారమంతా రెండుసార్లు. మీ రొట్టెకి హాని లేదని రుజువు చేయడానికే అమ్మా!

సిగ్గుతో,
ఆర్నోర్

తా.క. పదహారు, పదిహేడు తేదీల్లో కొలతలు లేవు. ఆ గడిలో "రొట్టె ఉడుకుతోంది" అని నేనే రాశాను.

హోల్టర్, మే 14

నాయనా ఆర్నోర్,

గ్రిమురా? మా స్టీన్వోర్ కొడుకు గ్రిమురా? రాజధానిలో కుర్చీ ఉద్యోగమని వాళ్ళమ్మ ఊరంతా చాటింది! అందుకే కాబోలు నా కంటబడకుండా తిరుగుతున్నాడు. వంటింటి గడప తొక్కని వెధవ, పాపం కోటు కూడా కప్పాడు.

వాణ్ణి శనివారం, పదిహేడున భోజనాలకి పంపించు. రొట్టె వాడే తవ్వి తీస్తాడు. వాళ్ళమ్మకి మొదటి ముక్క వాడి చేత్తోనే పెట్టిస్తాను. వాడి పరువు తీయనులే.

ఆశీస్సులతో,
హెర్డిస్

తా.క. రొట్టె ఎవరివల్ల చెడిందో స్టీన్వోర్‌తో ఒక్క మాటా అనను. ఇంత సంతోషంగా నోరు మూసుకోవడం నా జన్మలో ఇదే మొదటిసారి.