ఇరవై ఆకుపచ్చ టిక్కులు

మార్చి 1, ఉదయం 7:10

ఇందుమూలంగా యావన్మంది కుటుంబ సభ్యులకు తెలియజేయడమేమనగా, ఈ ఉదయం ఏడు గంటలకు మన ముందు గది గోడ మీది పాత క్యాలెండరును మేకుతో సహా పీకేయడమైనది. ఆ స్థలంలో ఒక మహత్తర నిర్మాణం వెలయబోతోంది.

ప్రకటన విన్నవాళ్ళు ఇద్దరు. మా ఆవిడ "ఆ కన్నం ఎవరు పూడుస్తారు?" అంది. మా అమ్మాయి "నాన్నా, పొద్దున్నే అరవకు" అంది.

సంగతేంటంటే, అమ్మాయి ఏడో తరగతి. నోరు ఎక్కువ కాబట్టి ఇంట్లో పేరు లాయరమ్మ. అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కల్లో నూటికి ఇరవై రెండు. నిన్న టీచరమ్మ పిలిచి చెప్పింది: ఫైనల్లో ముప్పై అయిదు రాకపోతే మళ్ళీ ఏడో తరగతే. పక్క బెంచీ స్నేహితురాలు ఎనిమిదికి వెళ్ళిపోతుంది, ఇది మాత్రం ఇక్కడే. స్కూలు నుంచి ఇంటిదాకా లాయరమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. అది చూసి నాకు భయం వేసింది.

అందుకే రంగంలోకి దిగాను. పరీక్ష 21న. ఇరవై రోజులు, ఇరవై పాఠాలు, రోజుకొకటి. ఎంత ముచ్చటగా సరిపోయిందో! నేనూ చిన్నప్పుడు లెక్కల్లో ఫస్టే. ఇంటి పరిస్థితుల వల్ల బడి మానేశాను గానీ.

మార్చి 1, సాయంత్రం 5:00

షాపులకి బోర్డులు రాసేవాణ్ణి నేను. కాగితం మీద టైంటేబుల్ రాస్తే నా బ్రష్షులు నా మొహం చూడవు. గోడ మీదే! ఎనామెల్ పెయింటుతో! ఇరవై గళ్ళు!

మార్చి 2

"భిన్నాలు" అన్న మాటకి నీడ వేయడానికే గంటన్నర పట్టింది. "క్షేత్రగణితం"కి పసుపు అంచు. పక్కింటివాళ్ళు వచ్చి చూసి, మా షాపుకీ ఇలాగే రాయి అన్నారు.

చదువు: రేపటి నుంచి.

మార్చి 3

రెండు పాఠాలు! పూర్ణసంఖ్యలు, భిన్నాలు. పది లెక్కలకి ఎనిమిది కరెక్టు. "మిగతా రెండూ పుస్తకం తప్పు" అని వాదించింది. నేను ఒప్పుకున్నాను.

మార్చి 4

అయిపోయిన పాఠాలకి టిక్కు పెట్టాలి. నీలం, పసుపు కలిపి ఒక ఆకుపచ్చ తయారుచేశాను. లేత అరిటాకు రంగు! ఆ రంగు మళ్ళీ కలుపుదామన్నా రాదు. పైగా రేపటికి డబ్బాలో తొరక కట్టేస్తుంది. రెండు టిక్కుల కోసం అంత రంగు పారేయాలా? ఎలాగూ అన్నీ చేయబోయేవే కదా.

ఇరవై టిక్కులూ ఒక్క చేత్తో లాగించేశాను. ఒక్కటి కూడా వంకర పోలేదు.

మా ఆవిడ మందుల షాపు డ్యూటీ దిగి వచ్చి గోడ చూసింది.

"ఇదేంటి? అన్నీ అయిపోయాయా?"

"అవబోతున్నాయి."

"మరి ఏది అయిందో, ఏది అవలేదో ఎలా తెలుస్తుంది?"

"నా డైరీ ఉందిగా."

మార్చి 6

దశాంశాలు. సగం. లాయరమ్మకి తుమ్ములు.

మార్చి 7

పొద్దున్నే లేపడానికి గోడ గడియారం అరగంట ముందుకి తిప్పాను. ఎవరికీ చెప్పలేదు. లాయరమ్మ కనిపెట్టి గంట వెనక్కి తిప్పింది. అదీ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ డ్యూటీకి ఆలస్యం. తండ్రీకూతుళ్ళు ఇద్దరం వరసగా నిలబడి తిట్లు తిన్నాం.

చదువు: ఆ తిట్లలోనే టైం అయిపోయింది.

మార్చి 8

శాతాలు. పూర్తి. అద్భుతం.

మార్చి 10

సమీకరణాలు. పూర్తి. ఇదీ అద్భుతమే.

మార్చి 11

ఇవాళ నిష్పత్తి. పండ్ల షాపు బోర్డు అర్జెంటు. రేపు.

మార్చి 12

నిష్పత్తి. కళ్ళు మండుతున్నాయి. రేపు.

మార్చి 13, సాయంత్రం 6:30

పుస్తకం తెరిచాను. నిష్పత్తి అనే మాట చదివాను. గదిలో వెలుతురు చాలదనిపించింది. మూసేశాను.

లాయరమ్మ వదల్లేదు. "నాన్నా, పెయింటులో టర్పెంటైన్ ఎంత కలుపుతావు?"

"చాలినంత."

"చాలినంత అంటే? ఎంత పెయింటుకి ఎంత?"

"బ్రష్షుకి తెలుస్తుందే."

"నిష్పత్తి అంటే అదేనని టీచర్ చెప్పింది. నువ్వు రోజూ చేసేదేగా, చెప్పు మరి."

లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. రెండు గ్లాసులు.

మార్చి 14

నేను పుస్తకం తీయకముందే లాయరమ్మ గోడ చూపించింది. "నిష్పత్తి అయిపోయింది నాన్నా. టిక్కు ఉందిగా."

"అది ముందే వేసిన టిక్కు."

"ముందు వేసింది ఏది, తర్వాత వేసింది ఏది? రుజువు చెయ్యి."

కోర్టులో ఓడిపోయాను. ఓడిపోయి అంత హాయిగా ఎప్పుడూ లేను.

మార్చి 15

మా ఆవిడ అడిగింది, "ఎంతవరకు వచ్చింది?" డైరీ తీసి చదివి వినిపించాను. 8వ తేదీ, 10వ తేదీ గట్టిగా చదివాను. 11 నుంచి 14 దాకా పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయని చెప్పాను.

మా ఆవిడ సంబరపడి గోడ ఫోటో తీసి టీచరమ్మకి పంపింది. టీచరమ్మ జవాబు: "చాలా సంతోషం. వెనకబడినవాళ్ళకి రేపటి నుంచి సాయంత్రం క్లాసు పెడుతున్నాను. మీ అమ్మాయికి అక్కర్లేదు."

నిజం నోటిదాకా వచ్చింది. ఇంతలో టీ వచ్చింది. టీతో పాటు లోపలికి దిగిపోయింది.

మార్చి 16 నుంచి 19

అందరం చాలా బిజీ.

మార్చి 20

లాయరమ్మ గోడ ముందు కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్ళో ఉంది. "నాన్నా, వీటిల్లో నాకు నిజంగా వచ్చినవేవో నాకే గుర్తులేదు" అంది.

చాక్లెట్ ఇచ్చాను.

మార్చి 21, మధ్యాహ్నం 1:15

"ఎలా రాశావమ్మా?"

"ఎనిమిది మార్కులకి ఒక లెక్క ఇచ్చారు. ఎరుపు మూడు వంతులు, తెలుపు అయిదు వంతులు కలిపితే గులాబీ రంగు. నలభై లీటర్ల గులాబీలో ఎరుపు ఎంత?"

"మూడు వంతుల ఎరుపా? మరీ ముదురైపోతుందే!"

"నాన్నా. ఎంత?"

"ఒకటిన్నర వంతు చాలు."

లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు. మెల్లగా వేసింది.

మార్చి 28

ముప్పై ఒకటి.

టీచరమ్మ మళ్ళీ పరీక్ష పెడుతుందట, ఏప్రిల్ 12న. అదే ఆఖరు. మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఉప్పు కావాలన్నా గోడకి చెబుతోంది.

మార్చి 29, ఉదయం 8:00

లాయరమ్మ ఈ డైరీ మొత్తం చదివింది, అంటుకుపోయిన పేజీలతో సహా.

"ఇరవై టిక్కుల్లో నిజమైనవి ఎన్ని?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టాం. ఏడు. అందులో అయిదు నేను లేనప్పుడు అది ఒక్కతే చేసుకున్నవి.

"ఇరవైకి ఏడు. నూటికి ఎంత?"

నేను మంచినీళ్ళ వైపు చూశాను. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. కాగితం మీద చేయించింది. నాలుగుసార్లు తప్పాను. అయిదోసారి వచ్చింది: ముప్పై అయిదు.

"నీకు సరిగ్గా పాస్ మార్కులొచ్చాయి నాన్నా. నేను ఫెయిలు."

నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు.

గోడకి రెండు కోటింగులు తెల్ల సున్నం కొట్టాను. లోపల్నుంచి ఆకుపచ్చ ఇంకా కనబడుతూనే ఉంది. కనబడనీ. కొత్త టైంటేబుల్ లాయరమ్మ పాత పలక మీద, సుద్దముక్కతో. రాసింది తనే. పద్నాలుగు రోజులు. టిక్కు పెట్టే హక్కు నాకు లేదు. చదివేది ఇద్దరం. మొదటి పాఠం నిష్పత్తి.

సాయంత్రం 6:00

ఈ డైరీలో నేను కల్పించినవి: శాతాలు పూర్తి అన్నది అబద్ధం. సమీకరణాలు కూడా. కళ్ళు మండలేదు. పండ్ల షాపువాడు అర్జెంటు అనలేదు, వచ్చే నెల ఇస్తే చాలన్నాడు. లెక్కల్లో ఫస్టు అన్నది అబద్ధం. ఇంటి పరిస్థితులు అన్నదీ అబద్ధమే, మా నాన్న చదువుకోరా అని బతిమాలాడు. ఏడో తరగతి లెక్కల్లో తప్పి, మళ్ళీ ఆ బెంచీలో కూర్చోవడానికి సిగ్గేసి పారిపోయాను. నేను ఆగింది ఈ నిష్పత్తి పాఠం దగ్గరే.

ఇవాళ చేసింది ఒకే ఒక్క లెక్క, ఇద్దరం కలిసి, గంటంపావు పట్టింది. ఎరుపు పదిహేను లీటర్లు.

ఇది మాత్రం నిజం.