ఆడవాళ్ల గుమ్మం పక్క గోడ

అమ్మా మెమునాతూ, నేను క్షేమం. మీ అమ్మ కూడా క్షేమమే, ఇప్పటిదాకా.

ఏటా వానలకు ముందు ఊరంతా కలిసి మసీదుకు మట్టి మెత్తేవాళ్లం గదా. ఈసారి మీ మేనమామ ఇసాహాకు పట్టుబట్టి సిమెంటు పూయించాడు. మట్టి గోడకు గాలి ఆడాలని, లేకపోతే చెమ్మ లోపలే నిలిచిపోతుందని నేను మూడు పుస్తకాల్లో చదివాను. నిన్న ఆడవాళ్ల గుమ్మం పక్కన పగుల్లో పుల్ల గుచ్చి చూశాను. పైన రాయి, లోపల జావ. చెబితే అందరి ముందూ నవ్వాడు: "బావా, చదివీ చదివీ నీ బుర్రకే చెమ్మ పట్టింది!"

మరి ఆ గోడకు ఇవతల, మగవాళ్ల వైపు వేసుకునే తన నమాజు చాపను పోయిన శుక్రవారం వేపచెట్టు కిందికి ఎందుకు మార్చుకున్నట్టు?

మీ అమ్మ మాత్రం "మా అన్నంటే మీకు మొదటినుంచీ కడుపుమంటే" అంటూ ఆ గోడ పక్కనే నమాజు చేస్తోంది.

నా కళ్లద్దాలు బాగుచేయించావా? నమలడానికి కోలా కాయలు పంపు. పోయినసారివి అన్నీ పుచ్చులే, ఆ కొట్టు మానెయ్యి.

అమ్మకు వెంటనే ఉత్తరం రాయి, గోడకు దూరంగా ఉండమని. నీకు కల వచ్చిందని రాయి. నేను చెప్పించానని తెలిస్తే ఆ గోడకే ఆనుకుని కూర్చుంటుంది.

అల్లా మిమ్మల్నందరినీ చల్లగా చూడాలి. ఇసాహాకు సంగతి కూడా ఆయనే చూడాలి.

మీ నాన్న