కడగని తుపాకీ

సుధాకర్,

పోయినవారం నీ సంవత్సరీకం. నువ్వు జర్మనీ వచ్చాక చేరిన ఇంగోల్‌స్టాట్ షూటింగ్ క్లబ్బులో నీ పేరు మీద పోటీ పెట్టారు. పాతకాలం తుపాకీకి గొట్టం మూతిలోంచి తుపాకిమందు కూరడం నువ్వే నేర్పిన కిరణ్ ఇంటికొచ్చి, "వదినా, అన్న తుపాకీతోనే కాలుస్తా," అని పట్టుకెళ్లాడు. గెలిచాడు. నీ పేరు చెప్పి ఏడ్చిన వీడియో అందరికీ పంపాడు.

తుపాకీ ఇవాళ తెచ్చిచ్చాడు. గొట్టం నిండా మసి.

"కడగడానికి టైమ్ దొరకలేదు వదినా."

కాల్చిన రోజు దాన్ని వేణ్ణీళ్లతో కడిగేదాకా నువ్వు అన్నం ముట్టేవాడివి కాదు. ఒక్క రాత్రి వదిలేసినా మసి ఇనుమును తినేస్తుందనేవాడివి.

నేనే కడిగాను. ముందు నల్లటి నీళ్లొచ్చాయి, తర్వాత తుప్పు నీళ్లు.

వచ్చే ఏడాదికీ తుపాకీ కావాలన్నాడు. పువ్వులు పట్టుకెళ్లమన్నాను. వాటినైతే కడగక్కర్లేదు.