గుండీల పనికి సెలవు

ఏమండీ,

నిన్న నా చేతిలో సంచి చూసి, నేను అలిగి పుట్టింటికి పోతున్నానని ఎదురింటి పిన్నిగారు పాలమ్మాయితో అన్నారట. అలగలేదు. టైలర్ షాపుకి సెలవు పెట్టి అక్కావాళ్ళ మేడమీది ఖాళీ గదికి వెళ్తున్నాను. ఆదివారం వస్తాను. కటింగ్ మాస్టర్ పని ఇవ్వాలంటే సొంతంగా ఒక కోటు కత్తిరించి చూపించాలి. పొద్దస్తమానం అందరి గుండీలూ కాజాలూ కుడుతూ కూర్చుంటే నేను కత్తెర పట్టేదెప్పుడు?

అన్నం, కూర గిన్నెల్లో ఉన్నాయి, వేడి చేసుకోండి. పిల్లదాని యూనిఫాం ఇస్త్రీ చేశాను. షాపు నుంచి ఫోనొస్తే నేనెక్కడున్నానో చెప్పకండి. ఒక్క కాలరే అంటారు, వెనకాలే మూటెడు పంపిస్తారు.

నిన్న వెళ్ళి ఆ గది ఊడ్చి వచ్చాను. చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. కోటు భుజం సరిగ్గా కుదిరిందో లేదో గోడనే అడగాలి.

అన్నట్టు, ఆ కటింగ్ మాస్టర్ పని నాకిమ్మంటే మా ఓనరుగారు "నిన్ను కటింగ్ టేబుల్ దగ్గరికి పంపితే ఈ చిల్లర పనంతా ఎవరు చేస్తారమ్మా?" అన్నారు. రాత్రి ఆ మాట మీతో చెప్పుకున్నాను. మీరు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నారు: "నిజమే కదా, ఎవరు చేస్తారు?"