బాపుకిచ్చే కిడ్నీ

భాను బావకు,

ఇక్కడ హుజూరాబాద్‌లో నేను, అత్తమ్మ కులాసా. సిరిసిల్లలో అవ్వ బాగుంది, బాపు డయాలసిస్ మనిషి ఉండగలిగినంత బాగున్నాడు. మస్కట్‌లో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతాను. ఫోన్ చేస్తే అత్తమ్మ స్పీకర్ పెట్టమంటుంది, అందుకే మీ గదికి తిరిగొస్తున్న ముకర్రం భాయ్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మావాళ్లు నన్ను మాయచేసి ఒప్పించారని రాశావు. పెళ్లిచూపుల్లో నీ జీతమెంతని మొహం మీదే అడిగినదాన్ని, నోరులేనిదాన్ని ఎప్పుడు చేశావు?

పొట్టంతా కోస్తారా అని అడిగావు. కోయరు. చిన్న చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ లోపలే కిడ్నీని విడదీస్తారు. అది విని బాపు పరేషానయ్యాడు.

"గంత సందుల నుంచి ఎట్లెల్లుతది? ముక్కలు చేసి మళ్ల అతుకుతరా?"

ఇరవై ఏళ్లు మరమగ్గం మీద తెగిన పోగులు అతికినవాడు కదా. హైదరాబాద్ ఆసుపత్రి డాక్టరమ్మ నవ్వింది. "లేదు పెద్దాయనా. బొడ్డు కింద ఇంకో కోత పెట్టి, సంచిలో వేసి మొత్తంగా తీస్తం. పెద్ద కోత మీకే."

"గట్లయితే మంచిదే. పెద్దది నాకే ఉండనీ" అన్నాడు బాపు.

అత్తమ్మ ఫికర్ వేరు: "నీళ్ల బిందె ఎవరెత్తుతరు?" కొన్ని వారాలు బరువెత్తొద్దన్నారని చెప్పాను. "అయితే నేనేమన్న ముసలిదాన్నా?" అని నా చేతిలోని బిందె లాక్కుంది.

పిల్లలు పుడతారా అన్నావు. పుడతారు. ఏడాది ఆగమన్నారు, కడుపుతో ఉన్నప్పుడు బీపీ జాగ్రత్తగా చూసుకోమన్నారు. ప్రమాదమే లేదని డాక్టరమ్మ అనలేదు, నేనూ అనను.

ఇక దాచిన మాట. 'పరీక్షల్ల పనికిరాలేదని చెప్పు' అని నువ్వు రాసిన ఉపాయం నీకంటే ముందు డాక్టరమ్మే చెప్పింది. అందరినీ బయటికి పంపి, "ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు. నువ్వు ఇవ్వడానికి పనికిరావని నేనే మీవాళ్లకు చెప్తా. అసలు సంగతి ఎవరికీ తెలవదు" అన్నది. బావా, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆలోచించి చెబుతానని బయటికొచ్చాను.

బెంచీ మీద బాపు నా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏమన్నదని అడగలేదు. "భయమైతే వద్దు బిడ్డా. నాకు సూదులు అలవాటైనయి" అన్నాడు.

సిరిసిల్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వద్దని చెబితే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ వచ్చాను. హాయిగా లేదు. మర్నాడు ఒక్కదాన్నే తిరిగి హైదరాబాద్ పోయి, ఇస్తానని చెప్పాను. ఆ భయం ఇంకా ఉంది. అది నాది, ఎవరూ పెట్టింది కాదు.

కిడ్నీ ఇవ్వడానికి అనుమతిచ్చే ఆసుపత్రి కమిటీవాళ్లు నీ సమ్మతి అడుగుతారు. ఇస్తే సంతోషం. ఇవ్వకుంటే నీ అభ్యంతరమూ నేనే వాళ్లకు చెబుతాను, నా మాటా చెబుతాను. బాపుకు నా కిడ్నీ ఇస్తున్నాను.

ఇట్లు,
నీ భార్య, హనుమంతు పెద్దబిడ్డ
మమతారాణి