గ్లెనిస్ బ్యాక్‌హ్యాండ్ మీద నా మౌనవ్రతం

అక్టోబరు 5, గురువారం

ఇవాళ్టి నుంచి మౌనవ్రతం! టెన్నిస్ కోర్టులో గ్లెనిస్ బ్యాక్‌హ్యాండ్ గురించి ఒక్క ముక్క మాట్లాడను. సీజనంతా. మార్చి దాకా!

కారణం: ప్రాక్టీసు నుంచి వస్తుంటే గోధుమ చేల మధ్య బండి ఆపించింది మా ఆవిడ.

"నెవ్, ఇటు చూడు. పెళ్లయిన దగ్గర్నుంచీ మిక్స్‌డ్ డబుల్స్‌లో నీతోనే ఆడుతున్నాను. నెట్ అవతల ఇద్దరితో వేగలేక చస్తుంటే, ఇవతల నువ్వొకడివి. ఈసారి కోర్టులో నా బ్యాక్‌హ్యాండ్ మీద నోరు విప్పావో, రస్‌తో ఆడతాను. డాట్‌కి చెప్పేశాను కూడా."

రస్ ఊళ్ళో మందుల షాపు నడుపుతాడు. పోయినేడు వచ్చాడు. నెట్ దగ్గర బాగా ఆడతాడు. పలువరస కూడా బాగుంటుంది. డాట్ మా వారబీల్ ఊరి క్లబ్బు కెప్టెన్. గురువారం సాయంత్రం ఆవిడ షెడ్డు తలుపుకి జోడీల కాగితం అంటించిందంటే అది శాసనమే.

ఉద్యోగమంతా హైస్కూల్లో ఆటలు నేర్పినవాణ్ణి. అల్లరి మూకల నోళ్ళు మూయించాను. నా నోరు నేను మూసుకోలేనా? ఊరకున్నంత ఉత్తమం లేదని ఊరికే అన్నారా!

అక్టోబరు 7, శనివారం

గెలిచాం! ఒక్క మాట అనలేదు!

బ్యాక్‌హ్యాండ్ ఆడినప్పుడల్లా ఆవిడ మోచేయి బంతికి ఎదురెళ్ళి పలకరిస్తోంది. చూశాను. ఊరుకున్నాను. నోరు మూసుకుంటే ఈగలు కూడా లోపలికి పోవు, అదొక లాభం.

"ఏంటి, ఇంత బుద్ధిమంతుడివయ్యావు?" అంది ఇంటికొస్తూ. మనసు తేలిపోయింది. మార్చి ఎంత దూరం!

అక్టోబరు 14, శనివారం

సైగలు మాటల్లోకి రావు. నా మోచెయ్యి నేను తట్టుకున్నాను. ఓ రెండుసార్లు. సరే, ఆరుసార్లు.

"దురదా?" అంది గ్లెనిస్.

"దోమ."

"మిట్టమధ్యాహ్నం?"

గెలిచాం కాబట్టి సరిపోయింది.

అక్టోబరు 17, మంగళవారం

"కోర్టులో" అంది. వంటిల్లు కోర్టు కాదు కదా? అందుకని అంట్లు తుడుస్తూ పెనంతో చూపించాను. భుజం ముందు తిరగాలి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలి, చివర్లో చెయ్యి చాచాలి. చాచాను. టీ కప్పులు రెండు పోయాయి.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా, నెవ్," అంది. చీపురు చేతికిచ్చింది.

వ్రతం మాత్రం భంగం కాలేదు. నియమాలు మళ్ళీ చదువుకుంటే తెలుస్తుంది.

అక్టోబరు 19, గురువారం

ప్రాక్టీసు. కొత్త ఉపాయం! పక్క కోర్టులో ఆడుతున్న డాట్‌తో, గ్లెనిస్‌కి వినబడేలా గట్టిగా అన్నాను: "డాట్! బ్యాక్‌హ్యాండ్‌లో మోచెయ్యి దగ్గర పెట్టు!"

డాట్ ఆట ఆపేసింది. "నేనాడింది ఫోర్‌హ్యాండ్, నాయనా. కళ్ళు చూపించుకో."

కోర్టులన్నీ నవ్వాయి. గ్లెనిస్ నవ్వలేదు. రస్ పళ్ళన్నీ కనిపించాయి.

అక్టోబరు 28, శనివారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు.

ఇవాళ మా ఊళ్ళోనే పక్కూరు కర్రబుల్ వాళ్ళతో మ్యాచ్. టీ టైముకి చెరో సెట్టు. మిగిలింది ఆఖరి సెట్టు. మా దగ్గర ఎవరి ఊళ్ళో మ్యాచ్ అయితే వాళ్ళే టీ పెట్టాలి. వచ్చినవాళ్ళకి మనమే పోసివ్వాలి, పక్కన కూర్చుని మాట్లాడాలి. ఎంత కొట్టుకున్నా సరే, టీ దగ్గర ముఖం ముడుచుకున్నవాణ్ణి ఈ చుట్టుపక్కల ఎవరూ క్షమించరు.

కాబట్టి కూర్చున్నాను. షెరిల్ పక్కన. మాతో ఆడుతున్నది ఆవిడా, వాళ్ళాయనా. పాపం, ఆట మొదలైనప్పటి నుంచి సర్వీసులన్నీ నెట్‌లోకే కొట్టింది. స్కోన్ బన్ను మీద జామ్ రాసుకుంటూ, "నా సర్వీసు చచ్చిందండీ, ఎందుకో అర్థం కావట్లేదు," అంది.

అడిగింది! నన్ను! మూడు వారాలుగా ఎవరూ ఏమీ అడగని నన్ను!

"ర్యాకెట్ పెనంలా పట్టుకుంటున్నావమ్మా," అన్నాను. "సుత్తి పట్టుకున్నట్టు పట్టుకో." బ్రెడ్డు కత్తి తీసి చూపించాను. "బంతి తల వెనక్కి పోతోంది. కాస్త ముందుకి ఎగరెయ్. దాన్ని అందుకోడానికి పైకి లే. కిందికి కాదు, పైకి కొట్టాలి." ఒక స్కోన్ ఎగరేయించాను. రెండోది సరిగ్గా లేచింది. ఆవిడ కళ్ళల్లో ఆ వెలుగు! స్కూల్లో ఆ వెలుగు కోసమే బతికాను నేను. ఎంత ఆనందమేసిందో చెప్పలేను.

టీ అయింది. షెరిల్ సర్వీసు. మొదటిది గ్లెనిస్ బ్యాక్‌హ్యాండ్ వైపు. తగల్లేదు. తర్వాత నా వైపు వచ్చింది, నాకూ తగల్లేదు. మళ్ళీ గ్లెనిస్ వైపు. ర్యాకెట్ చేతిలోంచి జారిపోయింది.

"నెవ్ గారూ, పైకి కొట్టాను, చూశారా!" అని అరిచింది షెరిల్ అవతల నుంచి. ఎంత మంచి మనిషి.

గ్లెనిస్ నా వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

6-1. ఓడిపోయాం. బండిలో అన్నాను, "నీ బ్యాక్‌హ్యాండ్ గురించి మాత్రం ఒక్క మాట కూడా..."

"బండి నడుపు," అంది.

నవంబరు 2, గురువారం

షెడ్డు తలుపు. కాగితం. గ్లెనిస్, రస్.

నా పేరు వెతుక్కున్నాను. కింద ఉంది. "టీ: గుడ్డు శాండ్‌విచ్‌లు, నెవిల్."

"ఎంతమందికి?" అని అడిగాను డాట్‌ని.

"ఊరికే ఎక్కువ చెయ్యి. షెరిల్ వాళ్ళ క్లబ్బుకి కూడా పంపిద్దాం," అంది.

నవంబరు 4, శనివారం

శాండ్‌విచ్‌లు చేశాను. అంచులు కోశాను. ఆట చూశాను.

గ్లెనిస్ పక్కన నా చోటులో ఇంకొకడు నిలబడ్డాడు. ఎండగా ఉంది, ఆవిడ టోపీ సర్దుకుంటోంది. సర్వీసుకి ముందు ఆవిడ నా వైపు చూసి తల ఊపుతుంది ఎప్పుడూ. ఇవాళ రస్ వైపు చూసి ఊపింది. ఇన్నేళ్ళలో ఆ తల ఊపడం ఒకటుందని నేను గమనించనే లేదు. మోచెయ్యి చూస్తూ ఉండిపోయాను.

రెండో సెట్టులో రస్ అన్నాడు, "మోచెయ్యి కాస్త దగ్గర పెట్టి చూడండి." అంతే.

"థాంక్స్, రస్," అంది మా ఆవిడ.

తర్వాతి బ్యాక్‌హ్యాండ్ కోర్టుకి అడ్డంగా గీత గీసినట్టు వెళ్ళింది. అందరూ చప్పట్లు. నా చేతుల్లో గుడ్డు ముద్ద ఉంది కాబట్టి కొట్టలేదు.

నవంబరు 5, ఆదివారం

అడిగేశాను. "ఇరవయ్యేళ్ళుగా నేను చెప్తున్నదీ అదే కదా!"

పేపరు దించింది. "అవును. నువ్వు ఇరవయ్యేళ్ళు చెప్పావు. అతను ఒక్కసారి చెప్పాడు."

పెరట్లోకి వెళ్ళి బట్టలు తీసుకొచ్చాను. ఇంకా ఆరలేదు. మళ్ళీ వేసి వచ్చాను.

నవంబరు 9, గురువారం

గ్లెనిస్, నెవిల్!!

కళ్ళు నలుపుకుని మళ్ళీ చదివాను. డాట్ వెనక నుంచి, "నన్ను కాదు, ఆవిడని అడుగు," అంది.

ఆవిడని అడిగాను.

"రస్ మంచివాడే. మర్యాదస్తుడు. బంతి నా తల మీంచి పోతే, 'అయ్యో, పోయింది' అంటాడు. నువ్వు నన్ను తిడుతూనే వెనక్కి పరిగెత్తుతావు." "ఆ పరుగు నాకు అలవాటైపోయింది. కానీ నెవ్, ఇదే ఆఖరు. ఈసారి జారితే డాట్ కాళ్ళు నేను పట్టుకోను. రేపు సాయంత్రం కోర్టు ఖాళీ. కడుపులో ఉన్నదంతా రేపే కక్కెయ్. శనివారం కోర్టులో నోరు లేవకూడదు."

ఒక సాయంత్రమంతా! అనుమతితో! ఏమేం చెప్పాలో మనసులో వరసగా పేర్చుకుంటున్నాను.

నవంబరు 10, శుక్రవారం

బుట్టెడు బంతులు తీసుకెళ్ళాను. ఒక్కొక్కటే బ్యాక్‌హ్యాండ్ వైపు వేశాను. గ్లెనిస్ కొడుతోంది. భుజం ముందే తిరుగుతోంది. మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంది.

ఎక్కడా తప్పు లేదు.

బుట్ట ఖాళీ అయింది. ఏరుకొచ్చి మళ్ళీ వేశాను. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని పాదాలు చూశాను, పట్టు చూశాను. దొరకలేదు. గర్వపడాలి. గర్వపడ్డాను కూడా, నిజంగానే. దాంతోపాటు దిగులేసింది. ఇక ఈవిడకి నాతో పనేముంది?

"ఏంటి, ఒంట్లో బాలేదా?" అంది నెట్ దగ్గరికొచ్చి.

"చెప్పడానికేం లేదు, గ్లెన్. బాగుంది."

ఆవిడ వెనక్కి నడిచి గీత దగ్గర నిలబడింది. "ఇంకో బుట్ట వెయ్యి," అంది. వేశాను. చీకటి పడి బంతి కనపడకుండా పోయేదాకా ఆడుతూనే ఉన్నాం, ఇద్దరం మాట్లాడుకోకుండా.

నవంబరు 11, శనివారం

మౌనవ్రతం మళ్ళీ మొదలు! ఈసారి సులువే. చెప్పడానికి మిగిలింది ఏమీ లేదు. ఇవాళ్టి నుంచి మార్చి దాకా!

ఉదయం 7. గ్లెనిస్ టీ పోస్తోంది. కెటిల్ బరువంతా మణికట్టు మీదే వేసింది. భుజం వాడట్లేదు. చూశాను. ఊరుకున్నాను.

7.05. అనేశాను.

గ్లెనిస్ కెటిల్ దించింది. గోడ గడియారం వైపు చూసింది. "మ్యాచ్ ఒంటిగంటకి," అంది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "ఊఁ, చెప్పు. భుజం ఎలా తిప్పాలి?"

అందుకని వ్రతం ఒంటిగంట నుంచి.